‘మాపు’ అంటే సాయంత్రమా, రాత్రా?

సందేహం: మా అమ్మమ్మ ‘మాపటికి రా’ అంటుంది. మా ఇంట్లో ఇంకెవరూ ఆ మాట వాడరు. మాపు, మునిమాపు, సందె, పొద్దుగూకులు అన్నీ ఒకటేనా? ‘రేపు మాపు’లో ఉన్న మాపు కూడా ఇదేనా, లేక పుస్తకం గిస్తకంలా ఊరికే తగిలించిన మాటా?

సమాధానం: ఊరికే తగిలించింది కాదండీ. మీ అమ్మమ్మగారి మాపే అది. అసలు ఆ జంటలో మనల్ని తికమకపెట్టేది మాపు కాదు, రేపు.

పాత తెలుగులో రేపు అంటే ప్రాతఃకాలం. రేపకడ అన్నా తెల్లవారే వేళే. దానికి ఎదురుగా ఉన్న మాట మాపు, అంటే పొద్దు వాలాక. కాబట్టి రేపు మాపు అంటే ఉదయం, సాయంత్రం అన్నమాట. ‘రేపో మాపో ముహూర్తం పెట్టేస్తారు’ అనే వాక్యాన్ని ఇప్పటి అర్థంతో చదివి చూడండి, అతకదు. రేపటి తర్వాత మళ్ళీ వెనక్కి వచ్చి సాయంత్రం ఎందుకు చెబుతాం? ‘పొద్దున్నో సాయంత్రమో తేలిపోతుంది’ అనుకుంటే చక్కగా కుదురుతుంది. అప్పు తీర్చమంటే రేపు మాపు అని తిప్పేవాడు కూడా మొదట్లో పొద్దున రా, సాయంత్రం రా అనే తిప్పి ఉంటాడు!

ఇంతకీ రేపు మరుసటి రోజు ఎలా అయింది? రాత్రి కూర్చుని ‘రేపు బయలుదేరతాను’ అంటే వచ్చే తెల్లవారు అనే కదా, అలా అనగా అనగా ఆ రోజంతటికీ అదే పేరైంది. ఇది మన ఒక్కరి వింత కాదు, ఇంగ్లీషులో మార్నింగ్, టుమారో ఒకే వేరు నుంచి వచ్చినవి, జర్మన్‌లో మోర్గెన్ అంటే ఇప్పటికీ ఉదయమూ రేపూ రెండూను. మరి అంతకుముందు మరుసటి రోజుని ఏమనేవారంటే, ఎల్లి. రేపు వచ్చి కూర్చున్నాక ఎల్లికి చోటు లేకుండా పోయింది. ఎల్లుండిలో మాత్రం దాక్కుని ఉంది, ఎల్లి దాటాక వచ్చేది ఎల్లుండి.

రేపు అలా వెళ్ళిపోయాక మాపు ఒంటరిదైంది. సాయంత్రం, రాత్రి అనే సంస్కృత మాటలు దాని పని పంచుకున్నాయి. 1852లో అచ్చయిన బ్రౌన్ నిఘంటువు నాటికి మాపు మామూలు మాటే. ఇప్పుడు తెలంగాణ, రాయలసీమ పల్లెల్లో పెద్దవాళ్ళ నోట, సినిమా పాటల్లో ‘మాపటేళ’గా మిగిలింది.

ఇక మీరడిగిన తేడాలు. మాపు విశాలమైన మాట, పొద్దు వాలడం దగ్గర్నుంచి రాత్రి భోజనం దాకా దేనికైనా పనికొస్తుంది. నిఘంటువులు సాయంకాలమనీ రాత్రి అనీ రెండూ రాసింది అందుకే. మునిమాపు మాత్రం అందులో మొదటి ముక్క, చీకటి అప్పుడప్పుడే చిక్కబడే వేళ. ఇక్కడి ‘ముని’కి రుషులతో సంబంధం లేదు! మునివేళ్ళు, మునిపళ్ళు అన్నప్పుడు ఉండే ‘ముందరి’ అనే అర్థమే. రాత్రిని నాలుగు జాములుగా, ఒక్కో జామునీ మూడు గంటలుగా లెక్కేస్తే మునిమాపు తొలిజాములోనే అయిపోతుంది.

సందె సంస్కృత సంధ్యకి తద్భవం. సంధ్య అంటే రెండు వేళల కలయిక కాబట్టి ఉదయానికీ ఉంది, సాయంత్రానికీ ఉంది, కానీ తెలుగులో ఉత్త ‘సందె’ అంటే దీపాలు పెట్టే వేళే.

పొద్దుగూకడం వేళ పేరు కాదు, జరిగే పని. క్రుంకు అంటే మునుగు, అదే కుంకు, గుంకు, గూకు అయింది. నాకు దీనిలో నచ్చేది ఇంకొకటి ఉంది. పొద్దుగూకులూ ఫోనేనా అని పిల్లల్ని తిడతామా, అప్పుడది సూర్యాస్తమయం కాదు, రోజంతా. అస్తమానం కూడా అంతే, అస్తమించే దాకా అనే పొద్దస్తమానంలోంచి విడివడి ‘ఎప్పుడూ’ అయి కూర్చుంది. అర్ధరాత్రి కూడా ‘అస్తమానం ఇదే గోల’ అంటాం, అందులో సూర్యుడున్నాడని ఎవరికీ గుర్తుండదు.

మాపటికి రమ్మంటే సరిగ్గా ఎప్పుడు వెళ్ళాలంటారా? చదువుకునే రోజుల్లో మాటలు సేకరించడానికి ఒక పల్లెకి వెళితే ఒక పెద్దావిడ ‘మాపటికి రా నాయనా, చెప్తా’ అంది. మాపు అంటే సాయంకాలం అని నిఘంటువులో చదివిన జ్ఞానంతో నాలుగున్నరకే వెళ్ళి అరుగు మీద కూర్చున్నాను. ఆవిడ చీకటి పడ్డాక, నెత్తిన గడ్డిమోపుతో వచ్చింది. ‘ఇంత ఎండన పడి వచ్చినావా, మాపటికి కదా రమ్మంది’ అని నన్నే కోప్పడింది. మీరు మాత్రం అమ్మమ్మగారింట్లో లైటు వేశాక వెళ్ళండి.