అచ్చయిన క్యూఆర్ కోడ్ అలాగే ఉంచి, దాని వెనక పీడీఎఫ్‌ను మార్చడం ఎలా?

యంత్రాల మీద అంటించే స్టిక్కర్లలో క్యూఆర్ కోడ్ వేసి మాన్యువల్‌కి లింకు ఇవ్వాలనుకుంటున్నామని, పీడీఎఫ్ మారినప్పుడల్లా మళ్ళీ అచ్చు వేయించకుండా ఉచితంగా దొరికే డైనమిక్ కోడ్ సరిపోతుందా అని అడిగారు. కొన్నేళ్ళుగా నా పని మాన్యువల్స్ తయారుచేయడమే. మీరు అనుకున్నది చక్కగా కుదురుతుంది. ఉచిత డైనమిక్ కోడ్ మాత్రం వద్దు.

ఎందుకంటే, అచ్చయిన కోడ్ ఎప్పటికీ మారదు. ఆ గళ్ళలో ఏ చిరునామా ఉందో అదే ఉంటుంది. డైనమిక్ అన్నప్పుడు జరిగేదల్లా, గళ్ళలో మీ పీడీఎఫ్ చిరునామాకి బదులు ఆ సర్వీసువాళ్ళ చిన్న చిరునామా ఒకటి పెడతారు. ఫోను ముందు అక్కడికి వెళ్ళి, అక్కణ్ణుంచి మీ ఫైలుకి మళ్ళుతుంది. ఆ మధ్య మజిలీ ఎవరి చేతిలో ఉంటే మీ స్టిక్కర్లన్నీ వాళ్ళ చేతిలో ఉన్నట్టే.

నేను ఇది తెలియకుండా అలాంటి ఒక సర్వీసులో కోడ్ చేసి, 400 స్టిక్కర్లు వేయించి, యంత్రాల తలుపుల లోపలివైపు అంటింపించాను. రెండు వారాలకి ఒక టెక్నీషియన్ ఫోన్ చేశాడు. "మేడమ్, స్కాన్ చేస్తే ఈ కోడ్ పనిచేయడం లేదు, ప్లాన్ తీసుకోవాలి అని వస్తోంది." యంత్రం విప్పేసి ఉంది, బోల్టు ఎంత బిగించాలో అతనికి అప్పుడే కావాలి. నా కంప్యూటర్‌లో పేజీ వెతికి ఫోన్‌లో చదివి వినిపించాను. ట్రయల్ గడువు అయిపోగానే కోడ్‌లన్నీ ఆగిపోయాయి. 400 స్టిక్కర్లూ గీకి తీయించాం.

అప్పటి నుంచి సొంత డొమైన్ (మన పేరు మీద ఉండే వెబ్ చిరునామా) ఒకటి తీసుకుని, దాని చివర 017 లాంటి అంకె పెట్టి, ఆ అంకె ఏ ఫైలుకి వెళ్ళాలో మేమే రాసుకుంటున్నాం. మీరూ ఇదే చేయండి. ఆ చిరునామా నుంచి ఫైలుకి మళ్ళించే ఏర్పాటుని రీడైరెక్ట్ అంటారు. అది పెట్టేటప్పుడు తాత్కాలికం అని చెప్పే 302 సంకేతం వాడండి, 301 కాదు. 301 అంటే శాశ్వతంగా మారిందని అర్థం కాబట్టి బ్రౌజర్ దాన్ని గుర్తుపెట్టుకుని, తర్వాతిసారి మీ సర్వర్‌ని అడగకుండానే పాత ఫైలుకి వెళ్ళిపోతుంది. ఒకే స్టిక్కర్‌ని రెండు ఫోన్లతో స్కాన్ చేస్తే నా దాంట్లో అడుగున "3వ ప్రతి" అనీ, పక్కవాళ్ళ దాంట్లో "2వ ప్రతి" అనీ కనపడ్డప్పుడు ఈ సంగతి తెలిసింది. కొత్త పీడీఎఫ్‌కి ఫైలు పేరు కూడా కొత్తదే పెట్టండి, అదే పేరుతో పాతదాని మీద ఎక్కించకండి.

డొమైన్ రెన్యువల్ మర్చిపోతే మొత్తం పోయినట్టే. 2015లో జర్మనీలో హైంజ్ కెచప్ సీసా మీది కోడ్ స్కాన్ చేస్తే అశ్లీల సైటు తెరుచుకుంది. పాత పోటీ కోసం తీసుకున్న డొమైన్ గడువు దాటాక వేరేవాళ్ళు కొనేశారు. సీసాలేమో ఇంకా ఇళ్ళలో ఉన్నాయి.

డొమైన్ వీలుకాకపోతే గూగుల్ డ్రైవ్‌లో మేనేజ్ వర్షన్స్ అనే ఆప్షన్ ద్వారా కొత్త పీడీఎఫ్ ఎక్కిస్తే లింకు మారదు. షేరింగ్ "లింకు ఉన్న ఎవరైనా" అని ఉందో లేదో చూసుకోండి. ఆ ఖాతా ఒక ఉద్యోగి సొంతది కాకుండా చూడండి.

చిన్న చిరునామా వల్ల అచ్చులోనూ లాభం ఉంది. కోడ్ ఎంత పాడైనా చదవగలగాలి అన్నదానికి స్థాయిలు ఉంటాయి. 80 అక్షరాల లింకుకి మామూలుగా వాడే ఎం (M) స్థాయిలో 37 వరసల గళ్ళు పడతాయి. 22 అక్షరాలైతే 25 వరసలు చాలు. చిరునామా మొత్తం క్యాపిటల్ అక్షరాల్లో ఇస్తే అదే 25 వరసల్లో ఇంకా పై స్థాయి క్యూ (Q) కూడా పడుతుంది, అంటే కోడ్‌లో దాదాపు 25 శాతం దాకా పాడైనా చదువుతుంది. గ్రీజు చేతులు తగిలే చోట ఇది చాలా అవసరం. చుట్టూ నాలుగు గళ్ళ వెడల్పు ఖాళీ వదలమని డిజైనర్‌కి గట్టిగా చెప్పండి. కోడ్ కింద చిరునామాని మామూలు అక్షరాల్లో కూడా వేయించండి.

అన్నిటికంటే నాకు భయం వేసేది వేరే విషయం. వెనక ఫైలు మార్చడం సులువైపోయాక, మార్చకూడని చోట కూడా మార్చేస్తాం. కొత్త మోడల్‌లో వాల్వ్ మారిందని మాన్యువల్ మార్చాం, పాత మోడల్ స్టిక్కర్ కూడా అదే అంకెకి వెళ్తోంది. పాత యంత్రం ముందు నిలబడ్డ మనిషి కొత్త కొలతలు చూసి బిగిస్తాడు. మా దగ్గర ఒక టెక్నీషియన్‌కి బొమ్మలోని వాల్వ్ తన ముందున్న వాల్వ్‌లా లేదని అనుమానం వచ్చి ఆగాడు కాబట్టి సరిపోయింది. ఇప్పుడు ప్రతి మోడల్‌కీ, భాగాలు మారిన ప్రతి బ్యాచ్‌కీ వేరే అంకె ఇస్తున్నాం. ఒకసారి అచ్చయిన అంకెని ఇంకో దానికి వాడం. కరెంటు ఆపే పద్ధతి, ప్రమాద హెచ్చరికలు స్టిక్కర్ మీదే అచ్చు వేయిస్తున్నాం, సిగ్నల్ లేని గదిలో కోడ్ ఎందుకూ పనికిరాదు.