పేపర్ మారియోలో సుత్తి: పెరిగేది ఎక్కడ, అరిగేది ఎక్కడ?

మీరడిగింది రెండు ముక్కలు. పేపర్ మారియో అనే నింటెండో వీడియో గేములు మొదలుపెడదామనుకుంటున్నారు, ఒకచోట సుత్తి సూపర్, అల్ట్రా అని పెరుగుతుందని, ఇంకోచోట వాడితే అయిపోతుందని విన్నారు, కాబట్టి దేనితో మొదలుపెట్టాలి అన్నది ఒకటి. లెవెల్ పెరిగినప్పుడు పాయింట్లు సుత్తి మీద పెట్టాలా, గెంతు మీద పెట్టాలా అన్నది రెండోది.

రెండోదానికి జవాబు చిన్నది. సుత్తి మీద పాయింట్లు పెట్టడం కుదరదు. మొదటి ఆటలో 100 స్టార్ పాయింట్లు నిండితే ఒక లెవెల్ పెరుగుతుంది, అప్పుడు హెచ్‌పీ (ప్రాణం), ఎఫ్‌పీ (ప్రత్యేక దెబ్బలకి ఖర్చయ్యేది), బీపీ (కొత్త శక్తులిచ్చే బ్యాడ్జిలు తగిలించుకోవడానికి కావలసింది) మూడింట్లో ఒకటి పెంచుకోమంటుంది, అంతే. సుత్తి మాత్రం కథలో దొరకాలి. నేనైతే ఎప్పుడూ బీపీ వైపే మొగ్గుతాను. ఎందుకో కింద చెప్తాను.

మొదటిదానికి జవాబు చెప్పాలంటే నేను వరస తప్పి మొదలుపెట్టిన సంగతి చెప్పాలి. మాది ఉద్దానం, సోంపేట దగ్గర. మా బావ షిప్పులో పని చేస్తాడు. ఒకసారి సెలవుకొచ్చినప్పుడు సింగపూర్ నుంచి చేత్తో పట్టుకుని ఆడే నింటెండో 3డీఎస్ తెచ్చాడు, దాంతోపాటు ఒకే ఒక్క ఆట, స్టిక్కర్ స్టార్. 2012లో వచ్చింది అది. పేపర్ మారియో అంటే ఇదేనేమో అనుకున్నాను. అందులో యుద్ధం బయట సుత్తి మామూలుగానే ఉంటుంది, కనపడిందల్లా కొట్టొచ్చు. యుద్ధంలో దిగాక మాత్రం ప్రతి దెబ్బా ఒక స్టిక్కరే. సుత్తి స్టిక్కర్ ఒకటి వాడితే అది పోయినట్టే. పైగా గెలిస్తే లెవెల్ పెరగదు, నాణేలొస్తాయి. ఆ నాణేలతో మళ్లీ స్టిక్కర్లు కొనుక్కోవాలి. కొన్నాళ్లకి నాకు శత్రువు కనపడితే పక్కనుంచి తప్పించుకుపోవడం అలవాటైంది. కొడితే ఖర్చు, వదిలేస్తే ఆదా! సుత్తి చేతిలో పెట్టి కొట్టొద్దనే ఆట ఏమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

2018 అక్టోబరు 11 తెల్లారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. మా తోటల్లో కొబ్బరి చెట్లు వరసగా పడిపోయాయి, కరెంటు రోజుల తరబడి రాలేదు. మా తాతది కమ్మరి కొలిమి. చుట్టుపక్కల గ్రైండర్లన్నీ కరెంటు లేక మూగబోయాయి కదా, జనమంతా గొడ్డళ్లూ కత్తులూ పట్టుకుని కొలిమి దగ్గరికే వచ్చారు. పడ్డ చెట్లు నరికితే గాని దారి రాదు. తాత పట్టకారుతో ఎర్రటి ఇనుము దాగలి మీద పెట్టి చిన్న సుత్తితో టక్కున ఒక తట్టు తట్టేవాడు. ఆ తట్టినచోట, ఆ తట్టిన లయలోనే నేను సమ్మెటతో వెయ్యాలి. ముందు వేస్తే తిట్టు, ఆలస్యమైతే ఇనుము చల్లారిపోయిందని ఇంకో తిట్టు.

ఆ రాత్రే కొలిమి పక్కన కూర్చుని, మిగిలిన బ్యాటరీతో స్టిక్కర్ స్టార్‌లో ఎడారి చివరి పెద్ద శత్రువు టవర్ పవర్ పోకీని కొడుతున్నాను. దాన్ని సులువుగా పడగొట్టాలంటే బేస్‌బాల్ బ్యాట్ స్టిక్కర్ ఉండాలి. నాకా సంగతి తెలీదు. ఆల్బమ్‌లో ఉన్న సుత్తులన్నీ ఒకదాని తర్వాత ఒకటి అయిపోయాయి, అది మాత్రం అలాగే నిలబడి ఉంది. తాత తొంగిచూసి “ఏట్రా గుంటడా, సుత్తి ఏదీ?” అన్నాడు. అయిపోయింది తాతా, ఒకసారి కొడితే పోద్ది అన్నాను. “ఒకపాలి కొడితే పోయేది సుత్తి ఏటిరా, అగ్గిపుల్ల!” అని నవ్వుతూ తిత్తి దగ్గరికి వెళ్లిపోయాడు. స్టిక్కర్ స్టార్ మీద ఇంతకన్నా మంచి రివ్యూ నేను ఇంకెక్కడా చూడలేదు.

అందుకే నా మాట: 2000లో జపాన్‌లో, 2001లో అమెరికాలో వచ్చిన మొదటి పేపర్ మారియోతో మొదలుపెట్టండి. అది నింటెండో 64 అనే పాత మెషీన్ ఆటే, కానీ 2021 డిసెంబరు నుంచి నింటెండో స్విచ్ చందా సేవ అయిన స్విచ్ ఆన్‌లైన్ ఎక్స్‌పాన్షన్ ప్యాక్‌లో ఉంది. నేనూ అలాగే ఆడాను, చాలా ఆలస్యంగా, ఉద్యోగంలో చేరాక.

అందులో మారియో వట్టి చేతులతో మొదలవుతాడు. గూంబాలనే పుట్టగొడుగు జీవుల ఊళ్లో దారికి అడ్డంగా పసుపుపచ్చ దిమ్మ పడుతుంది, తర్వాత మన మారియో కిందకి పడిపోతాడు, ముసలి గూంబా కిందే కనిపిస్తాడు. అక్కడ పొదల్లో వెతికితే చెక్క సుత్తి దొరుకుతుంది. దాంతో పసుపు దిమ్మ పగులుతుంది. రాతి దిమ్మకి అది చాలదు. రెండో అధ్యాయంలో డ్రై డ్రై శిథిలాల్లో సూపర్ హ్యామర్ దొరికాక రాయి పగులుతుంది. ఇనుప దిమ్మల కోసం ఐదో అధ్యాయం దాకా ఆగాలి, లావాలావా కొండలో అల్ట్రా హ్యామర్ ఉంటుంది. దెబ్బ బలం పెరగడం ఒక ఎత్తు. దానికన్నా, ముందెప్పుడో చూసి నిట్టూర్చి వదిలేసిన రాయి గుర్తొచ్చి, మళ్లీ అంత దూరం వెనక్కి నడిచి దాన్ని ఒక్క దెబ్బకి పగలగొట్టడంలో ఉన్న తృప్తి వేరు. ఈ ఆటలో సుత్తి ఆయుధం కన్నా తాళంచెవి ఎక్కువ. స్టిక్కర్ స్టార్‌లో నాకు దొరకనిది సరిగ్గా ఇదే.

యుద్ధంలో దాని పని ఇలా గుర్తుపెట్టుకోండి: తలమీద ముల్లున్నవాడి మీద గెంతితే మనకే గుచ్చుకుంటుంది, వాణ్ని సుత్తితో కొట్టాలి. ఎగిరేవాడికీ, వరసలో వెనకున్నవాడికీ మామూలు సుత్తి అందదు, అక్కడ గెంతు. ఇక్కడే బీపీ సంగతి. హ్యామర్ త్రో అనే బ్యాడ్జి తగిలించుకుంటే సుత్తి విసిరి ఎగిరేవాణ్ని కూడా కొట్టొచ్చు. క్వేక్ హ్యామర్ అయితే నేల మీదున్న వాళ్లందరికీ ఒకేసారి తగులుతుంది. బ్యాడ్జిలు పెట్టుకోవాలంటే బీపీ కావాలి, మొదట్లో మీకుండేది 3 మాత్రమే. ఈ ఆటలో అంకెలన్నీ చిన్నవి, మారియో మొదటి హెచ్‌పీ 10. శత్రువు రక్షణ ఒకటి ఉన్నా మన దెబ్బలోంచి ఒకటి తీసేస్తారు. అంటే సుత్తి ఒక్క మెట్టు పెరిగినా చేతికి తెలుస్తుంది.

టైమింగ్ గురించి ఒక మాట. సుత్తి ఎత్తడానికి కంట్రోలర్ మీది స్టిక్‌ని ఎడమకి లాగి పట్టుకోవాలి, దీపాలు ఒక్కొక్కటే వెలుగుతాయి, చివరిది వెలగ్గానే వదలాలి. తాత తట్టిన లయకి సమ్మెట వేసిన అలవాటుకి నాకిది ఇట్టే వచ్చేస్తుందనుకున్నాను. వారం రోజులు రాలేదు. నా చెయ్యి బాగోలేదని తిట్టుకుంటూ ఒకరోజు మెనూ తెరిస్తే, నేను ముట్టుకోకుండానే కర్సర్ ఎడమకి జరుగుతోంది! వైజాగ్‌లో చవగ్గా కొన్న పాత కంట్రోలర్, స్టిక్ ఎడమకే వాలిపోతోంది. నేను వదిలినా అది సుత్తిని ఇంకా పట్టుకునే ఉంది అన్నమాట. సెకండ్ హ్యాండ్ కొంటే ముందు ఈ పరీక్ష చెయ్యండి.

మిగతావి త్వరగా. రెండోది, థౌజండ్ ఇయర్ డోర్, 2004లో నింటెండో గేమ్‌క్యూబ్ మెషీన్‌కి వచ్చింది, 2024 మేలో స్విచ్ కోసం కొత్తగా చేశారు. ఇందులో సుత్తి మొదట్నుంచే చేతిలో ఉంటుంది, సూపర్ హ్యామర్ మూడో అధ్యాయంలో గ్లిట్జ్‌విల్‌లో వస్తుంది. కథ దీనిదే బాగుంది, సుత్తి వేట మాత్రం మొదటిదాంట్లోనే రుచి. 2007 సూపర్ పేపర్ మారియోలో కడ్జ్ అనే తోడు జీవి ఉంటుంది, అదే సుత్తిగా మారుతుంది. 2016 కలర్ స్ప్లాష్ వీడియోల్లో చూడ్డమే గాని ఆడలేదు, అది ఆడే వీయూ మెషీన్ నా చేతికి ఎప్పుడూ రాలేదు. అందులో సుత్తితో రంగు పూస్తారు, హ్యామర్ స్క్రాప్‌లు ఏరుకుంటే పట్టే రంగు పెరుగుతుంది, యుద్ధం మాత్రం మళ్లీ వాడి పారేసే కార్డులే.

2020 ఓరిగామి కింగ్ నన్ను కొంచెం ఇరుకున పెడుతుంది. మామూలు సుత్తి ఎప్పటికీ విరగదు, మెరిసే గొప్ప సుత్తులు కొన్నాళ్లకి విరిగిపోతాయి. గుండ్రటి రింగులు తిప్పి శత్రువుల్ని రెండేసి చొప్పున రెండు వరసల్లోకి తెస్తే ఒక్క సుత్తి దెబ్బకి నలుగురూ పోతారు, అది మాత్రం భలే ఉంటుంది. విరిగిపోతుందన్న భయంతో మంచి సుత్తిని చివరిదాకా దాచి, ఆట అయిపోయాక చూస్తే సంచీలో అలాగే ఉంది. మీరు అలా చెయ్యకండి, దొరికిన వెంటనే వాడేయండి.

వరస అడిగారు కాబట్టి: మొదటిది, తర్వాత థౌజండ్ ఇయర్ డోర్, ఆ తర్వాత ఓపికుంటే ఓరిగామి కింగ్. స్టిక్కర్ స్టార్ ఎవరైనా ఊరికే ఇస్తే తీసుకోండి, ఎడారికి మాత్రం బ్యాట్ లేకుండా వెళ్లొద్దు. ఆ వాలిపోయే కంట్రోలర్ నా దగ్గరే ఉంది, మా మేనకోడలు దాంతో కార్ల ఆట ఆడుతుంది. కారెప్పుడూ ఎడమ గోడకే ఎందుకు గుద్దుకుంటుందో తనకి ఇంకా చెప్పలేదు.