టెక్ సందేహాలు: మీ యాంప్లిఫయర్ పెట్టెలో గాలికి దారి ఉందా?

ఎండలు ముదిరే కొద్దీ ఇంట్లో తయారుచేసుకున్న యాంప్లిఫయర్ల గురించి ఉత్తరాలు పెరుగుతాయి. ఈసారి మూడింటికి జవాబులు రాస్తున్నాను. మొదటిది దాదాపు అందరికీ పనికొచ్చేది కనుక దాన్ని కాస్త విస్తరించాను.

సందేహం: రెండు ఎల్‌ఎం3886 ఐసీలతో ఇంట్లోనే స్టీరియో యాంప్లిఫయర్ తయారుచేసుకున్నాను. సప్లై ప్లస్ 28, మైనస్ 28 వోల్టులు. స్పీకర్లు 8 ఓమ్‌లవి. పెట్టె ప్లైవుడ్‌తో చేయించాను, హీట్‌సింక్ (వేడిని గాలికి వదిలే రెక్కల లోహపు దిమ్మ) దాని లోపలే ఉంది. మొదట బాగానే పాడుతుంది. అరగంట దాటాక గట్టిగా పెడితే పాట తెగి తెగి వస్తోంది. పైమూత తీసేస్తే మాత్రం ఆ ఇబ్బంది ఉండదు. పెద్ద హీట్‌సింక్ కొనాలా, ఫ్యాన్ బిగించాలా? (ఖమ్మం నుంచి ఒక పాఠకుడు)

సమాధానం: మీ ప్రశ్నలోనే సగం జవాబు ఉంది. ఎల్‌ఎం3886లో తనను తాను కాపాడుకునే ఏర్పాటు ఉంది. లోపలి సిలికాన్ చిప్ వేడి సుమారు 165 డిగ్రీల సెల్సియస్‌కు చేరగానే అది శబ్దాన్ని ఆపేసి, దాదాపు 155 డిగ్రీలకు దిగాక మళ్లీ మొదలుపెడుతుంది. ఈ పది డిగ్రీల మధ్య జరిగే ఊగిసలాటే మీకు పాట తెగినట్టు వినిపిస్తోంది. ఐసీ చెడిపోలేదు. కానీ రోజూ ఆ హద్దు దాకా తీసుకెళ్లి ఆపించడం దాని ఆయుష్షుకు మంచిది కాదు. మూత తీయగానే అంతా సర్దుకుంటోందంటే లోపం మీ హీట్‌సింక్‌లో కంటే దాని చుట్టూ చిక్కుకుపోయిన గాలిలోనే ఎక్కువగా ఉందని అర్థం.

చిప్‌లో పుట్టిన వేడి ముందు ఐసీ వెనుక ఉన్న లోహపు పలకకు, అక్కడి నుంచి కరెంటును ఆపే మైకా రేకు, వేడిని దాటించే పేస్ట్‌ల మీదుగా హీట్‌సింక్‌కు, దాని రెక్కల నుంచి గాలికి, ఆ గాలితో పాటు పెట్టె బయటకు వెళ్లాలి. ఈ దారిలో ఎక్కడ ఇరుకుగా ఉంటే అక్కడ వేడి పోగుపడుతుంది. ఆ ఇరుకు ఎక్కడుందో చూసుకోకుండా డబ్బు ఖర్చు చేస్తే పని జరగదు. ఒక్కో అంచెలో ప్రతి వాట్‌కు ఎన్ని డిగ్రీలు పెరుగుతాయన్నదే ఉష్ణ నిరోధం. లెక్క చేయడానికి ఇదొక్కటి తెలిస్తే చాలు.

మీ అంకెలతోనే లెక్క చేద్దాం. మీది లాంటి ఏబీ తరగతి యాంప్లిఫయర్‌లో వేడి అత్యధికంగా పుట్టేది పూర్తి శబ్దం దగ్గర కాదు, గరిష్ఠ శక్తిలో సుమారు 40 శాతం దగ్గర. మొత్తం సప్లై వోల్టేజీని, అంటే మీ 56ను, దానితోనే గుణించి, వచ్చినదాన్ని స్పీకర్ ఓమ్‌లను 19.7తో గుణించిన సంఖ్యతో భాగిస్తే ఆ వేడి వాట్లలో వస్తుంది. మీకు అది 20 వాట్లు. స్పీకర్‌కు 20 వాట్లు వెళ్తున్న సమయంలో మరో 20 వాట్లు ఐసీలోనే వేడిగా మారుతున్నాయి. పాట లేకపోయినా ఐసీ తీసుకునే కరెంటును కలిపితే ఒక్కో ఐసీకి 23 వాట్లు అనుకోవచ్చు. చిప్ వేడిని 125 డిగ్రీల దగ్గర నిలపాలనుకుందాం. చిప్ నుంచి పలక దాకా వాట్‌కు 1 డిగ్రీ, మైకా, పేస్ట్‌ల దగ్గర సుమారు 0.7 డిగ్రీ పోతుంది. పెట్టె లోపలి గాలి 50 డిగ్రీలు ఉంటే రెండు ఐసీలకూ కలిపి వాట్‌కు 0.78 డిగ్రీ ఉన్న హీట్‌సింక్ కావాలి. అదే గాలి 65 డిగ్రీలకు చేరితే 0.45 డిగ్రీ ఉన్నది, అంటే చాలా పెద్దది, చాలా ఖరీదైనది కావలసి వస్తుంది. రెక్కలు బయట 40 డిగ్రీల గాలిలో ఉంటే 1 డిగ్రీ ఉన్నదే సరిపోతుంది. పాటలో శబ్దం ఎప్పుడూ ఒకే స్థాయిలో ఉండదు కనుక నిజానికి ఇంతకంటే తక్కువ వేడే పుడుతుంది. అయినా మన వేసవిని దృష్టిలో పెట్టుకుని ఈ లెక్కనే నమ్మమంటాను.

అందుకే నా సలహా ఏమిటంటే, కొనుగోలు కంటే ముందు హీట్‌సింక్‌ను పెట్టె వెనక్కి, బయటికి మార్చండి. రెక్కలు తప్పనిసరిగా నిలువుగా ఉండాలి. వేడెక్కిన గాలి పైకి పోతుంటే కింది నుంచి చల్లగాలి దానంతట అదే వస్తుంది. రెక్కల్ని అడ్డంగా పెడితే ఆ ప్రవాహం తెగిపోతుంది. బయటికి మార్చడం కుదరకపోతే హీట్‌సింక్‌కు సరిగ్గా కింద అడుగుచెక్కలోనూ, సరిగ్గా పైన మూతలోనూ వరుసగా రంధ్రాలు వేయండి. పెట్టె కాళ్లు కనీసం ఒకటిన్నర సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి, లేకపోతే కింది రంధ్రాలను బల్లే మూసేస్తుంది. పైన మాత్రమే రంధ్రాలు వేసి కింద వదిలేయడం చాలామంది చేసే పొరపాటు. లోపలికి వచ్చే దారి లేని గాలి బయటికి ఎలా పోతుంది? ప్లైవుడ్ గుండా వేడి దాదాపు పోదు కనుక మీ పెట్టెకు ఈ రంధ్రాలే ప్రాణం.

ఈ పని చేసేటప్పుడు ఒక ఐసీని విప్పి వెనుక వైపు చూడండి. పేస్ట్ పలచటి పొరలా పలక అంతటా సమంగా అంటుకుని ఉంటే బిగింపు బాగున్నట్టు. మధ్యలో పెరుగు మీగడలా మందంగా పేరుకుని, ఒక అంచున అసలు అంటకుండా పొడిగా ఉంటే బోల్టు ఒక పక్కకే లాగిందని, ఆ అంచు గాల్లో ఉందని అర్థం. గాలి కంటే అల్యూమినియం వేడిని ఏడు వేల రెట్లకు పైగా బాగా ప్రసరింపజేస్తుంది. పేస్ట్ పని ఆ రెండు లోహాల మధ్య సన్నటి సందుల్లోని గాలిని తరిమేయడమే. మందంగా పూస్తే అదే అడ్డుగోడ అవుతుంది. లోహపు పలక బయటికి కనిపించే ఎల్‌ఎం3886టీ రకంలో ఆ పలకకు మైనస్ సప్లై కలిసి ఉంటుంది. కాబట్టి మైకా, బోల్టుకు ప్లాస్టిక్ బుష్ తప్పనిసరి. బిగించాక, కరెంటు ఇవ్వకముందే, పలకకూ హీట్‌సింక్‌కూ మధ్య మల్టీమీటర్‌తో కంటిన్యుటీ చూడండి. బీప్ వస్తే మైకా చిరిగిందని తెలుసుకుని మార్చండి.

ఇంత చేశాక ఇప్పుడున్న హీట్‌సింక్‌తోనే తెగడం ఆగిపోయే అవకాశం ఎక్కువ. ఆగకపోతే 80 మిల్లీమీటర్ల 12 వోల్టుల ఫ్యాన్ ఒకటి రెక్కల మీదికి ఊదేలా పెట్టి, దాన్ని 7 వోల్టులతో నెమ్మదిగా తిప్పండి. వేగం సగమైతే ఫ్యాన్ చప్పుడు సుమారు 15 డెసిబెల్స్ తగ్గుతుంది. రాత్రిపూట మెల్లగా పాట వినేవారికి ఈ తేడా చాలా పెద్దది.

సందేహం: 5200, 1943 ట్రాన్సిస్టర్లు ఛానెల్‌కు రెండేసి జతలున్న బోర్డు కొన్నాను. సప్లై ప్లస్, మైనస్ 42 వోల్టులు. పాట లేకపోయినా హీట్‌సింక్ చెయ్యి పెట్టలేనంత కాలుతోందని బోర్డు మీదికి ఫ్యాన్ పెట్టాను. వేడి తగ్గకపోగా స్పీకర్లలో సన్నటి కీచు శబ్దం మొదలైంది. ఫ్యాన్ కోసం అదే సప్లై నుంచి పెట్టిన 7812 (12 వోల్టులిచ్చే రెగ్యులేటర్ ఐసీ) కూడా ఒకసారి కాలిపోయింది. (ఏలూరు నుంచి ఒక పాఠకుడు)

సమాధానం: ముందు 7812 సంగతి. దానికి ఇవ్వదగిన గరిష్ఠ వోల్టేజీ 35. మీరు 42 ఇచ్చారు కనుక అది కాలడంలో ఆశ్చర్యం లేదు. కీచు శబ్దం కూడా అక్కడి నుంచే వస్తోంది. ఫ్యాన్ మోటారు తిరుగుతున్నంత సేపూ కరెంటును ముక్కలు ముక్కలుగా తీసుకుంటుంది, ఆ కదలిక సప్లై ద్వారా, గ్రౌండ్ వైరు ద్వారా యాంప్లిఫయర్‌లోకి చేరుతోంది. చిన్న 12 వోల్టుల అడాప్టర్‌నో, విడిగా చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌నో ఫ్యాన్ కోసమే కేటాయించండి. ఫ్యాన్ దగ్గరే 100 మైక్రోఫారడ్ల కెపాసిటర్ పెట్టండి. ఫ్యాన్ వైర్లను ఇన్‌పుట్ వైర్లకు దూరంగా నడపండి.

అసలు సమస్య మాత్రం వేరు. పాట లేనప్పుడు హీట్‌సింక్ అంతగా కాలకూడదు. కాలుతోందంటే బయాస్ కరెంటు, అంటే పాట లేకపోయినా ట్రాన్సిస్టర్ల గుండా పోయే కరెంటు, ఎక్కువగా ఉంది. దీన్ని ఎంత పెద్ద ఫ్యాన్‌తోనూ కప్పిపుచ్చకూడదు. ఇన్‌పుట్‌ను షార్ట్ చేసి, స్పీకర్ తీసేసి, పవర్ ట్రాన్సిస్టర్ ఎమిటర్ దగ్గర ఉండే తెల్లటి సిమెంటు రెసిస్టర్ రెండు కొసల మధ్య వోల్టేజీ కొలవండి. అది 0.22 ఓమ్‌లదైతే 11 మిల్లీవోల్టులు వచ్చినప్పుడు 50 మిల్లీయాంపుల కరెంటు పోతున్నట్టు. అప్పుడు ఒక జతలో పుట్టే వేడి సుమారు 4 వాట్లు. అక్కడ 66 మిల్లీవోల్టులు కనిపిస్తే కరెంటు 300 మిల్లీయాంపులు, ఒక జతకు 25 వాట్ల వేడి. అంటే ఒక్క ఛానెల్‌లోనే, పాట కూడా లేకుండా, మనం వాడే 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్లు రెండింటిని హీట్‌సింక్‌కు ఆనించి ఉంచినట్టు.

ఫ్యాన్ పెట్టాక వేడి ఎందుకు తగ్గలేదో ఇప్పుడు చూద్దాం. ట్రాన్సిస్టర్ వేడెక్కే కొద్దీ దాని బేస్, ఎమిటర్ల మధ్య కావలసిన వోల్టేజీ ప్రతి డిగ్రీకి సుమారు 2 మిల్లీవోల్టులు తగ్గుతుంది. బయాస్ వోల్టేజీ మాత్రం అలాగే ఉంటే కరెంటు పెరుగుతుంది, కరెంటు పెరిగితే వేడి పెరుగుతుంది, వేడి పెరిగితే మళ్లీ కరెంటు. ఈ చక్రాన్ని ఆపడానికే బయాస్ ట్రాన్సిస్టర్‌ను హీట్‌సింక్‌కు ఆనించి బిగిస్తారు, అది కూడా వేడెక్కి బయాస్‌ను తగ్గించాలని. చవక బోర్డుల్లో అది, లేదా దాని బదులు వాడిన డయోడ్లు, బోర్డు మీదే విడిగా నిలబడి ఉంటాయి. మీ ఫ్యాన్ సరిగ్గా వాటి మీదికే ఊదుతోంది. హీట్‌సింక్ కాలుతున్నా ఆ డయోడ్లు చల్లగానే ఉంటాయి కనుక బయాస్ తగ్గడం లేదు. వాటిని చిన్న వైర్లతో పొడిగించి, ఇన్సులేషన్ తొడిగి, పేస్ట్ రాసి పవర్ ట్రాన్సిస్టర్ల మధ్య హీట్‌సింక్‌కు బిగించండి. ఫ్యాన్‌ను బోర్డు మీది నుంచి తీసి రెక్కల వైపు తిప్పండి. బోర్డు మీద ప్రీసెట్ (బయాస్‌ను సర్దే చిన్న తిరుగుడు రెసిస్టర్) ఉంటే, సిరీస్ బల్బు (మెయిన్స్ ఫేజ్ వైరులో వరుసగా కలిపే బల్బు) పెట్టి ముందుగా బయాస్‌ను బాగా తగ్గించండి. అంతా సరిగ్గా ఉందని తేలాక బల్బు తీసేసి, హీట్‌సింక్ వేడెక్కి స్థిరపడే దాకా పావుగంట ఆగి 11 మిల్లీవోల్టుల దగ్గర నిలపండి. ఫిల్టర్ కెపాసిటర్లు హీట్‌సింక్ పక్కనే ఉంటే జరపండి. వేడి పది డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు దాదాపు సగమవుతుంది.

సందేహం: పాత కంప్యూటర్ ప్రాసెసర్ మీది హీట్‌సింక్, ఫ్యాన్ యాంప్లిఫయర్‌కు వాడవచ్చా? (అనంతపురం నుంచి ఒక విద్యార్థిని)

సమాధానం: నిరభ్యంతరంగా వాడవచ్చు. హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీ లాంటి చోట్ల కొత్త హీట్‌సింక్‌లు దొరుకుతాయి గానీ, నేర్చుకునే దశలో పాత సామానే మేలు. అయితే వీటి రెక్కలు చాలా దగ్గర దగ్గరగా ఉంటాయి. ఫ్యాన్ తిరుగుతున్నప్పుడే ఇవి బాగా పనిచేస్తాయి, ఆగిపోతే ఆ సన్నటి సందుల్లో గాలి కదలదు. కాబట్టి కేఎస్‌డీ301 రకం థర్మల్ స్విచ్‌లలో వేడెక్కితే తెగిపోయేదాన్ని, 80 లేదా 90 డిగ్రీలది, హీట్‌సింక్‌కు బిగించి ట్రాన్స్‌ఫార్మర్‌కు వెళ్లే ఫేజ్ వైరులో కలపండి. అవి 230 వోల్టుల కొసలు కనుక స్లీవ్ తొడగడం మరవకండి. ఐసీ బిగించడానికి 3 మిల్లీమీటర్ల బోల్టుకు మర వేయాలంటే ముందు 2.5 మిల్లీమీటర్ల రంధ్రం వేయాలి. వేశాక అంచున లేచిన లోహపు పొరకును పెద్ద డ్రిల్ బిట్‌ను చేత్తో తిప్పి తీసేయండి, లేకపోతే ఆ పొరక మైకాను చీలుస్తుంది. ఫ్యాన్ గాలి తీసుకునే వైపు సన్నటి జాలీ బిగిస్తే బల్లులు లోపలికి రావు. ఆ జాలీనీ, రెక్కల సందుల్నీ నెలకోసారి పెయింటు బ్రష్‌తో దులపండి, మీ ప్రాంతపు దుమ్ముకు ఆరు నెలలు ఆగితే సందులు పూడిపోతాయి.