తక్కువ ధర ఎన్‌డీ ఫిల్టరుతో లాంగ్ ఎక్స్‌పోజర్: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈశాన్య రుతుపవనాల వానలకు తలకోన, కైలాసకోన, కైగల్ జలపాతాలు నిండుగా దూకే కాలం దగ్గర పడడం వల్ల కాబోలు, ఈసారి అందిన ఉత్తరాల్లో చాలావరకు న్యూట్రల్ డెన్సిటీ (ఎన్‌డీ) ఫిల్టర్ల గురించే ఉన్నాయి. లెన్సులోకి వెళ్లే వెలుతురును తగ్గించి, షట్టరును ఎక్కువసేపు తెరిచి ఉంచే (లాంగ్ ఎక్స్‌పోజర్) వీలు కల్పించడమే ఆ ఫిల్టరు చేసే పని. అంతమాత్రానికి వేలకు వేలు పోయనక్కరలేదని మా గట్టి నమ్మకం. అయితే తక్కువ ధర ఫిల్టరులో సర్దుకోదగిన లోపాలు కొన్ని, ఏ విధంగానూ సర్దుకోలేనివి కొన్ని ఉంటాయి. వాటిని వేరు చేసి చూడడం తెలిస్తే డబ్బు వృథా కాదు.

ప్రశ్న: నా దగ్గర నికాన్ కెమెరా, దానితో పాటు వచ్చిన 18-55 లెన్సు ఉన్నాయి. తలకోనలో నీరు పట్టుదారాల్లా కనిపించే ఫొటో తీయాలని కోరిక. ఎనిమిది వందల రూపాయల లోపు తిప్పే వేరియబుల్ ఫిల్టరు, చతురస్రాకారపు ఫిల్టర్ల సెట్టు, ఎన్‌డీ 1000 దొరుకుతున్నాయి. ఏది కొనమంటారు?
— డిగ్రీ విద్యార్థి, చంద్రగిరి

జవాబు: ఆ మూడూ పక్కన పెట్టి, ఎన్‌డీ 64 అని రాసి ఉన్న గుండ్రని గాజు ఫిల్టరు, లెన్సు ముందు తిప్పి బిగించే రకం, ఒక్కటి కొనుక్కోండి. కొన్ని కంపెనీలు దాన్నే 1.8 అని రాస్తాయి; 0.3కు ఒక స్టాపు (వెలుతురు సగానికి తగ్గే మెట్టు) చొప్పున లెక్క వేసుకుంటే 1.8 అంటే ఆరు స్టాపులు, అంటే వచ్చిన వెలుతురులో 64వ వంతు మాత్రమే లోపలికి వెళుతుందని అర్థం. తలకోన జలపాతం 270 అడుగుల ఎత్తు నుంచి దూకినా, కింద మీరు నిలబడే చోట చెట్ల నీడ, కొండ నీడ ఎక్కువ. ఉదయం పూట ఐఎస్‌ఓ (సెన్సరు సున్నితత్వం) 100, ఎఫ్ 8 (లెన్సు రంధ్రం కొలత) దగ్గర కెమెరాలోని వెలుతురు మీటరు 1/15 సెకను చూపిందనుకుందాం. ఎన్‌డీ 64 బిగిస్తే అది నాలుగు సెకన్లు దాటుతుంది, ఎఫ్ 5.6కు తెరిస్తే రెండు సెకన్లకు వస్తుంది. అదే ఎన్‌డీ 1000 అయితే నిమిషం పైన పడుతుంది. ఆ నిమిషంలో గాలికి కొమ్మలన్నీ ఊగి పచ్చటి మసకగా మారిపోతాయి, నీటిలోని చారలన్నీ కలిసిపోయి తెల్లటి గుడ్డ ఆరేసినట్లు కనిపిస్తుంది. బలంగా పడే ధారకు పావు సెకను నుంచి ఒక సెకను వరకు, సన్నగా జారే నీటికి రెండు మూడు సెకన్ల వరకు ఇస్తే నీటి కదలికా తెలుస్తుంది, మెత్తదనమూ వస్తుంది. ఎన్‌డీ 1000 అవసరమయ్యేది మిట్టమధ్యాహ్నపు ఎండలో, లేదా ఆకాశంలో మబ్బుల పరుగు చూపించాలనుకున్నప్పుడు. మీకు ఇప్పుడు ఆ పని లేదు.

వేరియబుల్ ఫిల్టరును ఎందుకు వద్దంటున్నామో కాస్త వివరంగా చెప్పాలి. అందులో ఉండేవి ఒకదాని మీద ఒకటి తిరిగే రెండు పోలరైజర్ గాజులు. తిప్పిన కొద్దీ నలుపు పెరుగుతుంది కానీ, చివరిదాకా తిప్పితే, ముఖ్యంగా 18 ఎంఎం వంటి వెడల్పు కోణంలో, ఫొటో మీద అడ్డంగా పెద్ద ఇంటూ గుర్తు లాంటి నల్లని నీడ పడుతుంది. ఏ సాఫ్ట్‌వేరుతోనూ దాన్ని శుభ్రంగా తీసివేయలేం. వీడియో తీసేవారికి అది పనికొస్తుంది. ఫొటోకు ఒకే బలం గల ఫిల్టరు మేలు. చతురస్రపు సెట్లలో చౌకవి చాలావరకు ప్లాస్టిక్‌వి. త్వరగా గీతలు పడతాయి, రంగు ఊదా వైపు తిరుగుతుంది, హోల్డరుకూ ఫిల్టరుకూ మధ్య సందులోంచి వెలుతురు దూరుతుంది.

కొనేముందు లెన్సు ముందు అంచు చూడండి. అడ్డగీత కొట్టిన సున్నా గుర్తు పక్కన 52 అనో 55 అనో ఉంటుంది. అది ఎంఎంలో ఫిల్టరు కొలత. అయినా ఆ కొలతకే కొనకుండా 67 ఎంఎం ఫిల్టరు కొని, మీ లెన్సుకు సరిపడే స్టెప్ అప్ రింగు ఒకటి తీసుకోండి. రేపు లెన్సు మారినా రింగు మారుస్తే చాలు, పైగా ఫిల్టరు అంచు ఫొటో మూలల్లో నల్లగా పడదు. రింగు ధర ఫిల్టరు ధరలో చిన్న భాగం.

ఫిల్టరు చేతికి వచ్చిన రోజే, వెనక్కి పంపే గడువు ఉండగానే, ఒక పరీక్ష చేయండి. నీడలో ఉన్న తెల్లటి సున్నపు గోడను ఫిల్టరు లేకుండా ఒకటి, ఫిల్టరుతో ఒకటి తీసి, రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. ఫిల్టరుతో తీసిన గోడ అంతటా ఒకే తీరుగా పసుపుగానో నీలంగానో మారితే దిగులు పడకండి, అది సరిచేసుకోవచ్చు. మొదటి ఫొటోలో లేని మరక గాని, ఒక పక్క ఎక్కువ నలుపు గాని రెండోదాంట్లో కనిపిస్తే మాత్రం ఆలోచించకుండా తిప్పి పంపండి.

మిగిలిన డబ్బు ట్రైపాడ్ మీద పెట్టండి. ఈ పనిలో ఫిల్టరు కంటే ట్రైపాడే ముఖ్యం. నడిమి గొట్టం పైకి లేపకండి, కాళ్లు పారే నీళ్లలో పెట్టకండి, లెన్సు మీద వైబ్రేషన్ రిడక్షన్ (చేతి వణుకును సరిదిద్దే) స్విచ్చు ఉంటే ఆపేయండి. బటన్‌ను వేలితో నొక్కకుండా రెండు సెకన్ల టైమరు వాడితే రిమోట్ కొనే ఖర్చు కూడా ఉండదు.

ప్రశ్న: నేను తక్కువ ధరలో ఎన్‌డీ 1000 కొన్నాను. కపిలతీర్థం పైనున్న కొండను దూరం నుంచి తీస్తే ఆకులు ఎర్రమట్టి రంగులోకి, నల్లని బట్టలు మెరూన్ రంగులోకి మారుతున్నాయి. వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా కనిపించేలా రంగులు సర్దే అమరిక) ఎంత మార్చినా ఒకటి సరిపోతే మరొకటి చెడిపోతోంది. కెమెరాలో లోపమా?
— పెళ్లి ఫొటోలు తీసే పాఠకుడు, తిరుపతి

జవాబు: కెమెరాలో లోపం లేదు. మీరు రాసిన రెండు గుర్తులూ, అంటే ఆకులూ నల్ల బట్టా ఎర్రబడడం, ఇన్‌ఫ్రారెడ్ కిరణాల పనిని చూపిస్తున్నాయి. సెన్సరు ముందు ఇన్‌ఫ్రారెడ్‌ను ఆపే పొర ఒకటి ఉంటుంది. అది పూర్తిగా కాకపోయినా చాలావరకు ఆపుతుంది. మామూలు ఫొటోలో మిగిలిన ఆ కాస్తా కంటికి కనిపించే వెలుతురు ముందు లెక్కలోకి రాదు. కానీ చౌక ఫిల్టరు కనిపించే వెలుతురును వెయ్యో వంతుకు తగ్గించి, ఇన్‌ఫ్రారెడ్‌ను మాత్రం చాలావరకు అలాగే వదిలేస్తే, ఆ కాస్తే ఫొటోలో పెద్ద భాగమవుతుంది. పచ్చని ఆకులు, కొన్ని సింథటిక్ నల్ల బట్టలు ఇన్‌ఫ్రారెడ్‌ను బలంగా తిప్పికొడతాయి కనుక ముందుగా ఎర్రబడేవి అవే. ఫొటో అంతటా ఒకే రంగు పొరలా పరుచుకుంటే వైట్ బ్యాలెన్స్‌తో పోతుంది. ఇక్కడ ఒక్కో వస్తువు మీద ఒక్కో మోతాదులో పడుతోంది కాబట్టే మీరెంత కష్టపడినా కుదరలేదు.

టీవీ రిమోట్‌ను చీకటి గదిలో ఫోను ముందు కెమెరా వైపు నొక్కి చూడండి. చాలా ఫోన్లలో దాని కొసన చిన్న వెలుగు కనిపిస్తుంది. మధ్యలో మీ ఫిల్టరు అడ్డుపెట్టినా ఆ వెలుగు దాదాపు అలాగే ఉంటే, అనుమానం బలపడినట్లే. రిమోట్ కిరణం కంటికి కనిపించే వెలుతురుకు బాగా దూరంగా ఉండే ఇన్‌ఫ్రారెడ్ కనుక దీన్ని సూచనగా మాత్రమే తీసుకోండి. అసలు రుజువు మీ నల్ల బట్టే.

ఆ ఫిల్టరును పారేయనవసరం లేదు. బ్లాక్ అండ్ వైట్ ఫొటోలకు అది చక్కగా పనిచేస్తుంది. రాళ్లు, మబ్బులు ఉండి ఆకులు తక్కువగా ఉన్న దృశ్యాలకు కూడా వాడవచ్చు. పచ్చదనం రంగులో కావాలంటే ఎన్‌డీ 64 తీసుకోండి. నలుపు తక్కువైన కొద్దీ ఈ బాధ తగ్గుతుంది. ఎన్‌డీ 1000 తప్పనిసరి అనుకుంటే, ఇన్‌ఫ్రారెడ్‌ను కూడా ఆపే ఐఆర్ ఎన్‌డీ అని చెప్పి అమ్మే రకానికి కాస్త ఎక్కువ పెట్టండి. ఎక్కువ ధర న్యాయమని మేము ఒప్పుకునేది ఇక్కడే. పెళ్లి ఫొటోలకు మాత్రం ఇప్పుడున్నది వాడకండి, నల్ల షేర్వాణీ మెరూన్ అయితే ఎవరూ ఊరుకోరు.

ప్రశ్న: ఫిల్టరు పెట్టాక కెమెరా ఫోకస్ చేయలేకపోతోంది. షట్టరు ఎంతసేపు తెరవాలో లెక్క తెలియడం లేదు. తీసిన కొన్నింటిలో మధ్యలో తెల్లటి మసక కూడా వస్తోంది.
— ఉపాధ్యాయురాలు, చిత్తూరు

జవాబు: ఫిల్టరు లేకుండానే దృశ్యాన్ని కుదుర్చుకుని, ఫోకస్ చేసి, లెన్సును మాన్యువల్ ఫోకస్‌కు మార్చి, అప్పుడు ఫిల్టరును లెన్సు రింగు కదలకుండా మెల్లగా బిగించండి. లెక్క వేళ్ల మీద తేలుతుంది: ఒక్కో స్టాపుకు సమయం రెట్టింపు. ఫిల్టరు లేకుండా 1/30 వస్తే, ఎన్‌డీ 64కు ఆరు మెట్లు ఎక్కాలి. 1/15, 1/8, 1/4, 1/2, 1, 2 సెకన్లు. ముప్పై సెకన్లు దాటితే బల్బ్ మోడ్ (షట్టరును మనకు కావలసినంతసేపు తెరిచి ఉంచే అమరిక), రిమోట్ కావాలి.

అయితే చౌక ఫిల్టరు మీద రాసిన సంఖ్యను అలాగే నమ్మవద్దు. మబ్బు కదలికలు లేని రోజున వరండాలో తెల్ల కాగితాన్ని మాన్యువల్ మోడ్‌లో 1/30 దగ్గర తీయండి. తరువాత ఫిల్టరు పెట్టి, హిస్టోగ్రామ్ (ఫొటోలోని వెలుగునీడల గ్రాఫు) గుట్ట మొదటి ఫొటోలో ఉన్న చోటికే వచ్చేవరకు సమయం పెంచుతూ పోండి. రెండు సెకన్లకు బదులు మూడు సెకన్లు పట్టిందంటే మీ ఎన్‌డీ 64 నిజానికి ఆరున్నర స్టాపుల ఫిల్టరు. అందులో నష్టమేమీ లేదు. ఆ సంఖ్యను డబ్బా మీద రాసి పెట్టుకోండి. అదే కాగితంతో, ఫిల్టరు ఉండగానే, కస్టమ్ వైట్ బ్యాలెన్స్ కూడా పెట్టుకుంటే రంగు సగం దారికి వస్తుంది. రా (RAW, కెమెరా సర్దుబాట్లు చేయని) ఫైలుగా తీస్తే మిగిలిన సగం ఇంట్లో సరిచేసుకోవచ్చు.

మధ్యలో వచ్చే మసక, మీది డీఎస్‌ఎల్‌ఆర్ అయితే, వెనుక కన్ను పెట్టి చూసే కిటికీలోంచి దూరిన వెలుతురే అయివుంటుంది. ఎక్స్‌పోజర్ జరుగుతున్నంతసేపూ దాని మీద నల్లగుడ్డ కప్పండి. జలపాతం దగ్గరైతే ఫిల్టరు మీద తుంపర పడినా మసక వస్తుంది, కాబట్టి ప్రతి ఫొటోకు ముందు మైక్రోఫైబర్ గుడ్డతో అద్దండి.

ప్రశ్న: నాకు ఫోను తప్ప కెమెరా లేదు. కైగల్ జలపాతాన్ని అలా తీయగలనా?
— పలమనేరు పాఠకుడు

జవాబు: తప్పకుండా తీయగలరు, ఫిల్టరు కూడా అక్కరలేదు. ఫోనును చిన్న ట్రైపాడ్ మీద కదలకుండా నిలిపి, ఎక్స్‌పోజర్‌ను లాక్ చేసి, ఒకే దృశ్యాన్ని వరుసగా పదహారు సార్లో ముప్పై సార్లో తీయండి. ఇంటికి వచ్చాక కంప్యూటరులో వాటిని సగటు చేయండి. ఇమేజ్‌మ్యాజిక్ వంటి ఉచిత సాఫ్ట్‌వేరు ఆ పని చేస్తుంది. నీరు ప్రతి ఫొటోలో వేరే చోట ఉంటుంది కనుక మెత్తబడుతుంది, బండలు స్పష్టంగా నిలుస్తాయి. పదహారు ఫొటోల సగటులో నాయిస్ (ఫొటోలో కనిపించే రవ్వలు) నాలుగో వంతుకు తగ్గడం అదనపు లాభం. పరుగెత్తే మబ్బులకు మాత్రం ఫొటోల మధ్య విరామం వల్ల తునకలు తునకలుగా వస్తుంది.

ప్రశ్న: చంద్రగిరి కోటలో రాజమహల్ ముందు జనం లేకుండా ఫొటో కావాలి. ఎన్‌డీ ఫిల్టరుతో మనుషులు మాయమవుతారని విన్నాను.
— తిరుపతి పాఠకురాలు

జవాబు: నడిచేవారు మాయమవుతారు, నిలబడి మాట్లాడుకునేవారు దయ్యాల్లా మిగులుతారు. పైగా ఎండలో ఎఫ్ 11 దగ్గర 1/200 వస్తే, ఎన్‌డీ 1000తో కూడా అయిదు సెకన్లే దొరుకుతాయి. జనం మాయం కావడానికి అది చాలదు. కొన్ని నిమిషాల వ్యవధిలో ఇరవై ఫొటోలు తీసి, పైన చెప్పిన సగటుకు బదులు మీడియన్ పద్ధతిలో (ప్రతి చోటా అన్ని ఫొటోల విలువల్లో నడిమిదాన్ని తీసుకుంటూ) కలపండి. ఒకే చోట సగానికి పైగా ఫొటోల్లో లేని మనిషి పూర్తిగా పోతాడు. కోట పురావస్తు శాఖ రక్షణలో ఉంది. ట్రైపాడ్‌కు ముందుగా అనుమతి తీసుకోవాలి.

ప్రశ్న: వెల్డింగ్ గాజును లెన్సుకు కట్టి తీయవచ్చా? దానితో సూర్యుణ్ణి కూడా తీయవచ్చని మిత్రుడు చెప్పాడు.
— శ్రీకాళహస్తి పాఠకుడు

జవాబు: నీటి ధారలు తీయవచ్చు, కానీ ముదురు ఆకుపచ్చ రంగు వస్తుంది, బ్లాక్ అండ్ వైట్‌కు మారిస్తే తప్ప బాగుండదు. సూర్యుడి విషయం వేరు. ఆ గాజు పెట్టి గాని, ఎన్‌డీ 1000 పెట్టి గాని డీఎస్‌ఎల్‌ఆర్ కిటికీలోంచి సూర్యుణ్ణి చూడవద్దు. సూర్యుడి కోసం చేసిన ఫిల్టర్లు వెలుతురును లక్షో వంతుకు తగ్గిస్తాయి, కనిపించని కిరణాలనూ ఆపుతాయి. ఎన్‌డీ 1000 అందులో వందో వంతు రక్షణ కూడా ఇవ్వదు. మీ మిత్రుడికి కూడా ఈ మాట ఈరోజే చెప్పండి. నష్టపోతే కంటిచూపు తిరిగి రాదు.

ప్రశ్న: ఫిల్టరు లెన్సుకు పట్టేసుకుని రావడం లేదు.
— పుత్తూరు పాఠకుడు

జవాబు: గట్టిగా పట్టుకున్న కొద్దీ రింగు వంగి ఇంకా బిగుసుకుంటుంది. వెడల్పాటి రబ్బరు బ్యాండును ఫిల్టరు అంచు చుట్టూ వేసి, అరచేతిని అంచు అంతటికీ సమానంగా ఆనించి, నొక్కకుండా అపసవ్యంగా తిప్పండి. లోహపు ఫిల్టరు ఎండలో వేడెక్కి ఉంటే నీడలో కాసేపు చల్లారనిచ్చి ప్రయత్నించండి. ఇకపై బిగించేటప్పుడు ఆగిన చోట నుంచి కొద్దిగా వెనక్కి తిప్పి వదిలేయండి. ఎన్‌డీ 8, ఎన్‌డీ 64 రెండూ ఒకదాని మీద ఒకటి వాడినప్పుడు మరీ ముఖ్యంగా.