చైనా సినిమా 'హీరో'లో రాజు మీద జరిగిన హత్యాయత్నం నిజమేనా?

హత్యాయత్నం నిజం, హంతకుడు కల్పితం: 2002 నాటి ఆ సినిమాలో జెట్ లీ వేసిన అనామక వీరుడు చరిత్రలో లేడు కానీ, క్రీ.పూ. 227లో చిన్ రాజు యింగ్ జెంగ్ మీద జింగ్ కే అనే అతను నిజంగానే కత్తి ఎత్తాడు.

చిన్ రాజ్యం పక్క రాజ్యాలను ఒక్కొక్కటిగా మింగేస్తోంది. తర్వాతి వంతు తమదేనని యెన్ అనే పొరుగు రాజ్యపు యువరాజు దాన్ భయపడ్డాడు. పైగా చిన్‌లో బందీగా ఉన్నప్పుడు జరిగిన అవమానం ఒకటి. అందుకే జింగ్ కేను పంపాడు.

రాజు దగ్గరికి వెళ్లాలంటే కానుక కావాలి. చిన్ నుంచి పారిపోయి వచ్చిన సేనాని ఫాన్ యూచీ తన కుటుంబాన్ని చంపించిన రాజు మీద పగతో తన తలనే ఇచ్చేశాడు. దాంతోపాటు ఒక భూపటం చుట్ట. అది పూర్తిగా విప్పగానే లోపల విషం పూసిన బాకు. జింగ్ కే రాజు చొక్కా చెయ్యి పట్టుకున్నాడు, అది చిరిగిపోయింది. రాజు స్తంభం చుట్టూ పరుగు! పొడవాటి కత్తి ఒరలోంచి రాదు, సభలో మిగతావాళ్లకు ఆయుధాలు నిషిద్ధం. చివరికి వైద్యుడు మందుల సంచి విసిరాడు. ఆ సందులో రాజు కత్తి దూసి జింగ్ కే తొడ నరికాడు.

దేశం ఒక్కటి కావాలని హంతకుడే రాజును వదిలేశాడని చాలామంది నమ్ముతారు. అది సినిమా ముగింపు మాత్రమే. జింగ్ కే విఫలమై అక్కడే చనిపోయాడు. యింగ్ జెంగ్ అప్పటికి చక్రవర్తి కూడా కాదు, అయింది క్రీ.పూ. 221లో.