స్పానిష్ క్రియల పట్టిక చూసి బెదరకండి, తెలుగు వచ్చినవాళ్లకి సగం పని ముందే అయిపోయింది

ప్రశ్న: "చిత్తూరులో డిగ్రీ చదువుతున్నాను. సొంతంగా స్పానిష్ మొదలుపెట్టాను. రెగ్యులర్ క్రియ అంటున్నారు గానీ ఒక్క క్రియకే పేజీ నిండా రూపాలున్నాయి. బట్టీ పట్టడం తప్ప దారి లేదా? వొసోత్రొస్ ("మీరంతా") రూపాలు కూడా నేర్చుకోవాలా?"

దారి ఉంది. తిరుపతిలో ఉంటూనే మెక్సికో కస్టమర్లతో మాట్లాడే ఉద్యోగం కొన్నేళ్లు చేశాను. ఇప్పుడు సాయంత్రాలు ఇంట్లో కొందరికి స్పానిష్ చెబుతున్నాను. మనకి దొరికే పుస్తకాలన్నీ ఇంగ్లిష్ మాట్లాడేవాళ్ల ఇబ్బందిని దృష్టిలో పెట్టుకుని రాసినవి. మనిషిని బట్టి క్రియ చివర మారడం వాళ్లకి వింత. మనకి పుట్టినప్పటినుంచీ అలవాటే. "నడిచాను" అన్నాక నేనని, "నడిచావు" అన్నాక నువ్వని మళ్లీ చెప్పక్కర్లేదు కదా. స్పానిష్ వాళ్లూ అంతే, "యో", "తూ" అనే సర్వనామాలు మాటల్లో వదిలేస్తారు. ఒక సంగతిలో వాళ్లది మనదానికంటే తేలిక కూడా: నడిచాడు, నడిచింది అని మనకి రెండు, వాళ్లకి ఇద్దరికీ ఒకటే.

తిరుపతి వాళ్లం కాబట్టి "కమినార్" తీసుకుందాం. నడవడం అని అర్థం. నూటికి నూరు పాళ్లు రెగ్యులర్ క్రియ, అంటే ఎక్కడా నియమం తప్పకుండా మారేది.

ముందు రాసుకునే పద్ధతి ఒకటి చెబుతాను, ఎందుకంటే అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. స్పానిష్‌లో ఏ అక్షరం మీద ఒత్తి పలుకుతామన్నదాన్ని బట్టి కాలమే మారిపోతుంది. నేను నా దగ్గర నేర్చుకునేవాళ్లతో నోట్సు తెలుగు లిపిలోనే రాయిస్తాను, ఒత్తి పలికే చోట దీర్ఘం పెట్టిస్తాను. "కమీనొ" అంటే నేను నడుస్తాను. "కమినో" అంటే అతను నడిచాడు. "కమినార" అంటే "నడిస్తే" అనే ఊహ, "కమినరా" అంటే అతను రేపు నడుస్తాడు. స్పానిష్‌లో నిజానికి మనలాగా హ్రస్వ దీర్ఘాల తేడా లేదు, అది ఒత్తు మాత్రమే. అయినా ఎ, ఏ, ఒ, ఓ విడివిడిగా రాయగల లిపి మనకుంది, వాడుకోవాలి. అలాగే త, ద లని మన త, ద లాగే నాలుక పళ్లకి తగిలించి పలకండి. ఇంగ్లిష్ అలవాటుతో ట, డ అనొద్దు.

ఇక రూపాలు. పేజీ నిండా ఉన్నా, పునాదులు రెండే. ఒకటి "కమిన్" అనే ధాతువు. రెండోది "కమినార్" అనే పూర్తి మాట. వర్తమానం, గతం రెండు రకాలు, సబ్జంక్టివ్ (కోరిక, అనుమానం చెప్పే రూపం), ఆజ్ఞ అన్నీ మొదటిదాని మీద కడతారు. భవిష్యత్తు, కండిషనల్ ("అలా అయితే నడుద్దును" లాంటిది) రెండోదాని మీద. ఏ కాలం చూసినా "మేము" అయితే చివర "మొస్", "వాళ్లు" అయితే చివర "న్", "నువ్వు" అయితే దాదాపు అన్నిచోట్లా "స్". ఈ మూడూ చెవిలో పడ్డాక పట్టికలో సగం దానంతటదే వచ్చేస్తుంది.

వర్తమానం: కమీనొ, కమీనస్, కమీన, కమినామొస్, కమినాయిస్, కమీనన్. వరుసగా నేను, నువ్వు, అతను లేక ఆమె, మేము, మీరంతా, వాళ్లు. మనం, మేము తేడా వాళ్లకి లేదు. "మీరు" అని గౌరవంగా పిలవాలంటే "ఉస్తేద్", దానికి క్రియ మాత్రం అతను, ఆమెలదే వాడాలి: ఉస్తేద్ కమీన. ఉస్తేద్ పూర్వం "వువేస్త్ర మెర్సేద్", అంటే "తమ దయ" అనే మర్యాద పిలుపు, అరిగి అరిగి ఇలా అయింది. పిలిచేది మనిషిని కాదు, ఆయన దయని, అందుకే క్రియ మూడో మనిషిది. కస్టమర్లతో నాకు రోజంతా ఈ రూపంతోనే పని.

భవిష్యత్తుకి కమినార్ అని పూర్తిగా పలికి వెనక చేర్చండి: కమినరే, కమినరాస్, కమినరా, కమినరేమొస్, కమినరేయిస్, కమినరాన్. ఈ చివరలు ఎక్కడినుంచి వచ్చాయో తెలిస్తే మరిచిపోరు. "అబేర్" అనే సహాయక్రియ ఉంది, దాని వర్తమానం ఏ, అస్, అ, ఏమొస్, అబేయిస్, అన్. పాతకాలంలో "కమినార్ ఏ", అంటే "నడవాల్సి ఉంది", అనేవాళ్లు. రెండు మాటలూ అతుక్కుని కమినరే అయ్యాయి. కండిషనల్ కూడా అలా పుట్టిందే, అబేర్ గతరూపం అతుక్కుంది: కమినరీయ, కమినరీయస్, కమినరీయ, కమినరీయమొస్, కమినరీయయిస్, కమినరీయన్. రోజువారీ మాటల్లో భవిష్యత్తుకి "వోయ్ అ కమినార్" అనేదే ఎక్కువ వినిపిస్తుంది, దాన్ని ముందు నేర్చుకోండి.

గతం దగ్గర నిదానించాలి. ప్రెటెరిట్ అంటే మొదలూ తుదీ ఉన్న పని: కమినే, కమినాస్తె, కమినో, కమినామొస్, కమినాస్తెయిస్, కమినారొన్. ఇంపర్ఫెక్ట్ అంటే అప్పటి అలవాటు, లేదా ఇంకోటి జరిగేటప్పటికి సాగుతున్న పని: కమినాబ, కమినాబస్, కమినాబ, కమినాబమొస్, కమినాబయిస్, కమినాబన్. ఇంగ్లిష్‌లో ఆలోచించేవాళ్లు ఇక్కడ నెలలు గడిపేస్తారు. తెలుగులో ఆలోచించండి. "పోయిన శనివారం అలిపిరి నుంచి నడిచాను", ఇది కమినే. "ఇంటర్ చదివేటప్పుడు ప్రతి శనివారం నడిచేదాన్ని", ఇది కమినాబ. "నడుస్తుండగా వాన మొదలైంది" అంటే మియేంత్రస్ కమినాబమొస్, ఎంపెసో అ యొవేర్. మన పల్లెల్లో పెద్దవాళ్లు "పోతిమి, చూస్తిమి, వస్తిమి" అంటారే, ఆ తిని, తిమి ఉన్నచోట ఎక్కువగా ప్రెటెరిటే వస్తుంది.

మా పిన్ని కూతురితో నేను చేయించిన అభ్యాసం ఒకటి చెబుతాను. అవ్వతో కలిసి అలిపిరి మెట్లు ఎక్కిన రోజు గురించి రాయమన్నాను. 3,550 మెట్లు, కాబట్టి రాయడానికి సంగతులు బోలెడు. "మలుపు మలుపుకీ అవ్వ కూర్చునేది" అన్న వాక్యానికి దెస్కన్సాబ అని రాసింది. "గాలిగోపురం దగ్గర అర్ధగంట కూర్చుంది" అన్నదానికి దెస్కన్సో మేదియ ఓర. అదే అవ్వ, అదే అలుపు తీర్చుకోవడం. మొదటిదానికి ఎన్నిసార్లో లెక్క లేదు, రెండోదానికి కొలత ఉంది. కొలత చెబితే పని మూటగట్టినట్టే, ప్రెటెరిట్. అందుకే "నిన్న మూడు గంటలు నడుస్తూనే ఉన్నాను" అన్నా కూడా స్పానిష్‌లో "కమినే త్రెస్ ఓరస్" అనే అనాలి. "నడుస్తూనే" అన్న మాట చూసి కమినాబ వైపు వెళ్లిపోకూడదు.

తెలుగు సాయం చేయని చోట్లు రెండున్నాయి, అవి ఏ పుస్తకంలోనూ రాసి ఉండవు. మొదటిది "నడుస్తాను". రోజూ నడుస్తాను, రేపు నడుస్తాను, మనకి రెంటికీ ఒకటే. స్పానిష్‌లో మొదటిది కమీనొ, రెండోది వోయ్ అ కమినార్ లేదా కమినరే. రెండోది ఇంకా ముఖ్యం: "నడిచేదాన్ని", మగవాళ్లయితే "నడిచేవాణ్ణి". అప్పట్లో రోజూ నడిచేదాన్ని అంటే కమినాబ. కానీ "టైముండుంటే నడిచేదాన్ని" అన్నప్పుడు అది అలవాటు కాదు, జరగని పని. అక్కడ కమినాబ పనికిరాదు. "సి తువియేర తియేంపొ, కమినరీయ" అంటే ఇప్పుడు టైముంటే నడుద్దును. "సి ఉబియేర తెనీదొ తియేంపొ, అబ్రీయ కమినాదొ" అంటే అప్పుడు టైముండుంటే నడిచేదాన్ని. తెలుగు వాక్యం రాసుకుని, నిజంగా నడిచానా లేదా అని ఒకసారి అడుక్కోండి. నడిచి ఉంటే కమినాబ, నడవకపోతే రీయ.

సబ్జంక్టివ్‌కి అందరూ భయపడతారు గానీ రెగ్యులర్ క్రియలో దాని తయారీ చాలా చిన్నది. కమినార్ లాంటి వాటికి అ స్థానంలో ఎ వస్తుంది: కమీనె, కమీనెస్, కమీనె, కమినేమొస్, కమినేయిస్, కమీనెన్. "కొమేర్" (తినడం), "వివీర్" (బతకడం) లాంటి వాటికి అది తిరగబడి అ వస్తుంది: కోమ, వీవ. ఎప్పుడు వాడాలన్నదే అసలు సంగతి. జరిగేదాన్ని చెబుతున్నప్పుడు కాదు, కోరుతున్నప్పుడు, నమ్మనప్పుడు, ఇంకా జరగనిదాని కోసం చూస్తున్నప్పుడు. "కియేరొ కమినార్" అంటే నాకు నడవాలనుంది, కోరేదీ నడిచేదీ ఒకరే కాబట్టి మామూలు రూపం. "కియేరొ కె కమీనెస్" అంటే నువ్వు నడవాలని నా కోరిక, మనిషి మారాడు కాబట్టి సబ్జంక్టివ్. "క్రేయొ కె కమీన", నడుస్తాడనుకుంటున్నాను. "నో క్రేయొ కె కమీనె", నడుస్తాడని అనుకోను. "క్వాందొ" (ఎప్పుడైతే) తర్వాత కూడా చూడండి. ఎప్పుడూ జరిగేదైతే క్వాందొ కమీనస్, రేపటి సంగతైతే క్వాందొ కమీనెస్. మనం రెండుచోట్లా "నడిచేటప్పుడు" అనేస్తాం, అందుకే ఇది చెవికి తొందరగా ఎక్కదు. చాలా వాక్యాలు వినాలి.

గత సబ్జంక్టివ్‌కి నాకు అన్నిటికంటే ఇష్టమైన సూత్రం ఉంది. ప్రెటెరిట్‌లో "వాళ్లు" రూపం తీసుకోండి, కమినారొన్. చివరి "రొన్" తీసేసి "ర" పెట్టండి, కమినార. అంతే. ఇది ఇర్రెగ్యులర్ క్రియలకీ తప్పదు: తువియేరొన్ నుంచి తువియేర. ఒక్క మినహాయింపు కూడా లేదు. "కమినాసె" అని ఇంకో రూపం కనిపిస్తుంది, అర్థం అదే, చదివినప్పుడు గుర్తుపడితే చాలు. భవిష్యత్ సబ్జంక్టివ్ అనేది చట్టాల భాషలోనే మిగిలింది, వదిలేయండి.

ఆజ్ఞలు కొత్తగా నేర్చుకునేవి కావు. నడువు అంటే కమీన, నడవండి అంటే కమీనె, నడుద్దాం అంటే కమినేమొస్. వద్దు అనాలంటే సబ్జంక్టివ్ ముందు నో: నో కమీనెస్. కాంపౌండ్, అంటే సహాయక్రియతో కట్టే, కాలాలకి కమినాదొ మారదు, ముందున్న అబేర్ ఒక్కటే మారుతుంది: ఏ కమినాదొ, అబీయ కమినాదొ, అబ్రే కమినాదొ, సబ్జంక్టివ్‌లో ఆయ కమినాదొ.

పేర్ల గురించి ఒక హెచ్చరిక. మెక్సికో పుస్తకాల్లో ఇంపర్ఫెక్ట్‌ని "కొప్రెతేరితొ" అని, కండిషనల్‌ని "పొస్ప్రెతేరితొ" అని అంటారు. ఆంద్రేస్ బేయొ అనే పండితుడు తన 1847 నాటి వ్యాకరణంలో వాడిన పేర్లవి. స్పెయిన్ పుస్తకం, మెక్సికో వీడియో కలిపి చదివితే కాలాలు రెట్టింపయ్యాయనిపిస్తుంది. రూపం చూడండి, పేరు కాదు.

ఇక వొసోత్రొస్. ఇది మామూలు మాటల్లో ముఖ్యంగా స్పెయిన్‌లోనే ఉంది. లాటిన్ అమెరికాలో "మీరంతా" అనడానికి ఉస్తేదెస్, క్రియ "వాళ్లు"ది. మీరు ఉద్యోగం కోసం నేర్చుకుంటుంటే, మెక్సికో, కొలంబియా వైపు పని అయితే, కమినాయిస్ వరుసని నోటికి తెచ్చుకోనక్కర్లేదు. మా ఆఫీసులో నాకు దానితో పనే పడలేదు. స్పానిష్ ఎంత వచ్చో తేల్చే దెలె (DELE) పరీక్ష రాసే ఆలోచన ఉంటే మాత్రం వినగానే గుర్తుపట్టేంత రావాలి, ఎందుకంటే ఆడియోలో స్పెయిన్ వాళ్లూ మాట్లాడతారు. మీరు రాసే జవాబులో ఉస్తేదెస్ వాడితే తప్పేం కాదు, మొదటినుంచి చివరిదాకా ఒకటే వాడండి. అర్జెంటీనా వాళ్లు నువ్వుకి "వొస్" వాడి "కమినాస్" అంటారు, అది మొదటి ఏడాది పక్కన పెట్టేయొచ్చు.