మురుగునీటి వరికి సిలికాన్ ఎంతవరకు రక్షణ?

ప్రశ్న: మాకు మూసీ కాలువ కింద మూడెకరాల వరి ఉంది. నగరం మురుగు వల్ల గింజలోకి విషలోహాలు చేరతాయని అంటున్నారు. సిలికాన్ మందు కొడితే అవి ఆగుతాయని దుకాణంలో చెప్పారు. ఇది నిజమేనా? సిలికాన్ అంటే ఇసుకే కదా, అది మా నేలలో లేదా?
– ఒక రైతు, యాదాద్రి భువనగిరి జిల్లా

జవాబు: ఇసుకలో సిలికాన్ ఉన్న మాట నిజమే కానీ, అది నీటిలో కరగడం చాలా నెమ్మది, వేరు పీల్చుకోగలిగేది నీటిలో కరిగిన సిలిసిక్ ఆమ్లాన్ని మాత్రమే. వరికి దీని అవసరం ఎక్కువ. ఎండిన గడ్డి బరువులో పదో వంతు దాకా సిలికా (సిలికాన్, ఆక్సిజన్ కలిసిన పదార్థం) ఉండవచ్చు. అందువల్ల ఏటా రెండు పంటలు తీస్తూ గడ్డినీ ఊకనూ పొలం దాటిస్తూ పోతే, ఇసుక ఎంత ఉన్నా మొక్కకు అందే సిలికాన్ తరిగిపోతుంది.

ఇక ఆర్సెనిక్, కాడ్మియం వంటి విషలోహాల సంగతి. జపాన్‌లోని ఒకయామా విశ్వవిద్యాలయంలో జియాన్ ఫెంగ్ మా బృందం, వరి వేరు సిలికాన్‌ను లోపలికి తీసుకునే ద్వారానికి చెందిన ఎల్ఎస్ఐ1 జన్యువును 2006లో గుర్తించింది; ఆర్సెనిక్ కూడా ఆ ద్వారం గుండానే వేరులోకి చేరుతుందని 2008లో వెల్లడించింది. నీరు నిలిచిన మడిలో గాలి అందక ఆర్సెనిక్ ఆర్సెనైట్ అనే రూపంలోకి మారుతుంది; దాని అణువు పరిమాణంలోనూ, విద్యుదావేశం లేకపోవడంలోనూ సిలిసిక్ ఆమ్లాన్ని పోలి ఉంటుంది కాబట్టి వేరు రెంటికీ తేడా పట్టదు. కరిగిన సిలికాన్ పుష్కలంగా ఉంటే ఆర్సెనిక్‌కు చోటు తగ్గుతుంది, పైగా మొక్క ఆ ద్వారాలనే కొంత కుదించుకుంటుంది.

కాడ్మియం దారి వేరు. అది ప్రధానంగా మాంగనీసును మోసే ఎన్‌ర్యాంప్5 అనే ద్వారం గుండా వస్తుంది. సిలికాన్ అందిన వరిలో ఆ జన్యువు చురుకుదనం తగ్గినట్లూ, కణకవచంలో పేరుకున్న సిలికాన్ కొంత కాడ్మియాన్ని అక్కడే పట్టి ఉంచినట్లూ ప్రయోగాల్లో కనిపించింది.

మీరు ముఖ్యంగా గమనించవలసింది నీటి యాజమాన్యం. మడిని ఆరబెడితే ఆర్సెనిక్ తగ్గుతుంది, కానీ కాడ్మియం మొక్కకు అందుబాటులోకి వస్తుంది. నీరు నిలబెడితే కాడ్మియం గంధకంతో కలిసి కరగని రూపంలోకి మారుతుంది, ఆర్సెనిక్ మాత్రం విడుదలవుతుంది. కాడ్మియం ఉన్న పొలాల్లో జపాన్ రైతులు వెన్ను బయటికి రావడానికి మూడు వారాల ముందు నుంచి ఆ తరువాత మూడు వారాల వరకు నీరు తీయరు. మీ పొలంలో ఏ లోహం ఉందో తేలకుండా ఈ పద్ధతిని అనుకరిస్తే ఒకటి తగ్గి మరొకటి పెరగవచ్చు. కాబట్టి ముందు మట్టి, నీరు, గింజ మూడింటినీ పరీక్ష చేయించండి. పాలిష్ పట్టిన బియ్యంలో అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ పెట్టిన గరిష్ఠ పరిమితి కిలోకు కాడ్మియం 0.4 మిల్లీగ్రాములు, అకర్బన ఆర్సెనిక్ 0.2 మిల్లీగ్రాములు.

దుకాణదారు చెప్పిన సీసా మందును నేను మొదటి ఎంపికగా సూచించను. ఆకుపై కొట్టిన సిలికాన్ వేరు దగ్గర ఆర్సెనిక్‌తో పోటీ పడజాలదు. మురుగునీరు పారని పొలాల ధాన్యం ఆడే మిల్లు నుంచి ఊక తెచ్చి దమ్ములో కలపడం చవకైన మార్గం. తెల్లగా మారేంత వేడిలో కాలిన బూడిద కన్నా, తక్కువ వేడిలో కాలిన నల్లని ఊక త్వరగా కరుగుతుంది. కుళ్లబెట్టని వరిగడ్డిని దమ్ములో తొక్కడం మాత్రం ఆర్సెనిక్ ఉన్న చోట మంచిది కాదు. అది కుళ్లేటప్పుడు గాలి మరింత తగ్గి ఆర్సెనిక్ ఇంకా కరుగుతుంది. ఉక్కు కర్మాగారపు చిట్టెంలోనూ సిలికాన్ ఉంటుంది, కానీ అది క్షారగుణం గలది, చౌడు నేలకు పనికిరాదు. దానిలోనే భారలోహాలు ఉండవచ్చు కనుక పరీక్ష పత్రం చూడకుండా కొనవద్దు.

ఇంత చేసినా లోహం నేలలోనే ఉంటుంది, గింజలోకి చేరే వాటా మాత్రమే తగ్గుతుంది. కాడ్మియం వల్ల ఎముకలు పెళుసై తీవ్రంగా నొప్పి పెట్టే ఇతాయ్-ఇతాయ్ వ్యాధి వచ్చిన జపాన్‌లోని జింజూ నది పరీవాహక ప్రాంతంలో చివరకు పొలాల పైమట్టినే మార్చవలసి వచ్చింది.

ప్రశ్న: అదే నీటితో గట్టు పక్కన పాలకూర, టమాటా కూడా వేస్తాం. వాటికీ ఊక సరిపోతుందా?

జవాబు: సరిపోదు. వరి, చెరకు, మొక్కజొన్న వంటి గడ్డిజాతి పంటలు సిలికాన్‌ను బాగా తీసుకుంటాయి. టమాటా చాలా తక్కువగా తీసుకుంటుంది. పాలకూర ఆకుల్లో కాడ్మియం సులభంగా చేరుతుంది, ఆ ఆకులనే మనం తింటాం. పరీక్ష ఫలితాలు వచ్చేదాకా ఆ గట్టు మీద తినే పంట కాకుండా బంతిపూలు వేసుకోండి. కూర మడిని బోరు నీరు పారే చోటికి మార్చండి, అయితే మూసీకి దగ్గరలో ఉన్న బోరైతే ఆ నీటినీ పరీక్షకు పంపండి.